సున్నా వచ్చిందా, పిన్నీ?

మా మనవరాలి మొగుడు రోజూ సాయంత్రం టీవీ ముందు కూర్చుని ఎవరివో దేశాల మీద కోపం తెచ్చుకుంటాడు. మొన్న కూడా తెచ్చుకున్నాడు. నేను పక్కనే కూర్చుని బీరకాయ చెక్కు తీస్తున్నాను. ఆ చెక్కు పారేయను, పచ్చడి చేస్తాను. అది వేరే సంగతి.

"సూడు మామ్మా, ఆ పెద్ద దేశమోళ్ళు ఈ చిన్న దేశానికి గోధుమలిస్తన్నారు, తుపాకులిస్తన్నారు, ఇమానాలు కూడా ఇస్తన్నారు. ఈ చిన్నోడేమో ఆళ్ళ మాట ఒక్కటీ ఇనడు. పైగా ఎదురు తిరిగి తిడతన్నాడు. ఆ పెద్దోళ్ళకి సిగ్గు నేదేటి? ఇచ్చీది ఆపేస్తే ఈడే కాళ్ళ బేరానికి రాడా?"

"ఆపరు," అన్నాను.

"ఏం?"

"ఆపితే ఇచ్చినోళ్ళకే ఇబ్బంది. ఆ సంగతి పుచ్చుకున్నోడికి తెలుసు. అందుకే తిడతన్నాడు."

అతను నవ్వాడు. "నువ్వు సదివింది మూడో క్లాసు. దేశాల సంగతి నీకెలగ తెలుసే మామ్మా?"

ఎలా తెలుసో అతనికి చెప్పడానికి రెండు సాయంత్రాలు పట్టింది. విన్నాక నవ్వలేదు. "ఇది రాసి పెట్టు మామ్మా, ఇప్పుడు అంగన్‌వాడీల్లో పనిచేసే ఆడపిల్లలు చదువుకుంటారు," అన్నాడు. అందుకే రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకోండి. నాకు అక్షరాలు రెండుసార్లు నేర్పవలసి వచ్చింది. మొదటిసారి బడిలో నేర్పితే పొలం పనుల్లో పడి మరిచిపోయాను. రెండోసారి నేర్పిన మనిషి గురించే ఇదంతా.

చోడవరం నుంచి కె.కోటపాడు వెళ్ళే దారిలో, రోడ్డు దిగి చెరకు తోటల మధ్య కాస్త దూరం నడిస్తే మా ఊరు వస్తుంది. నాకు ముప్పై దాటిన రోజుల్లో ఆ ఊళ్ళో ఒక పిల్లల కేంద్రం ఉండేది. పేరుకి మనదే. అందులో పిల్లలు తినే తిండి మాత్రం ఒక పరాయి దేశపు ప్రభుత్వం పంపేది. గోధుమ నూక సంచులు, నూనె డబ్బాలు, పాలపొడి. ప్రతి సంచి మీదా ఆ దేశం జెండా, దాని కింద రెండు చేతులు కలుపుకుంటున్న బొమ్మ ఉండేవి. చెరకు నరకడానికి, ఊడ్పులకి పోయే తల్లులు పొద్దున్నే పిల్లల్ని మా దగ్గర వదిలి సాయంత్రం తీసుకుపోయేవారు. నేను ఆయాని. వండడం, తినిపించడం, కడగడం, నిద్రపుచ్చడం నా పని. మా ఇంటాయన చెరకు బళ్ళు తోలేవాడు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు.

నా పైన ఒక టీచరమ్మ ఉండేది. అనకాపల్లి వైపు పిల్ల, క్రైస్తవుల అమ్మాయి, నాకంటే పదేళ్ళు చిన్న. అన్నం ముందు ప్రార్థన చేసేది గాని, గిన్నెలు చూస్తూ కూర్చున్న పిల్లల్ని ఆపడం ఇష్టం లేక రెండు మాటల్లో ముగించేది. "దేవుడికి ఆకలి తెలుసు పిన్నీ, ఆయనకి పెద్దగా చెప్పక్కర్లేదు," అనేది. నన్ను మొదటి రోజు నుంచీ పిన్నీ అనే పిలిచింది. నేను అంత తొందరగా మెత్తబడే మనిషిని కాదు. ఆరు నెలలు ఆమెని 'టీచరుగారూ' అనే అన్నాను. ఆ తరవాత ఎప్పుడో తెలియకుండానే 'అమ్మా' అయిపోయింది.

మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక ఆమె ఖాళీ పిండి సంచులు తిరగేసి, వాటి మీద బొగ్గుతో నాకు అక్షరాలు రాయించేది. "కాగితం దండగ కదా, నీకు కోపం వస్తుంది," అని వెక్కిరించేది. ఆ సంచులు ఉతికితే అక్షరాలు పోయేవి, మర్నాడు మళ్ళీ రాసేదాన్ని. నూనె డబ్బాలు వచ్చిన అట్టపెట్టెల ముక్కలతో పిల్లలకి పలకలు కూడా చేశాం. నేను దేన్నీ పారేయను కనుక మా కేంద్రంలో దేనికీ కొదవ ఉండేది కాదు.

ఇక కాటా సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

నెలకొకసారి, మొదటి సోమవారం నాడు పిల్లల్ని తూచేవాళ్ళం. పళ్ళెంలాంటి గుండ్రటి కాటా, దాని ముఖం మీద ఒక ముల్లు. దాన్ని దూలానికి కట్టేవాళ్ళం. కింద కొక్కేనికి తూకం లాగు తగిలించాలి. అంటే పిల్లాడి కాళ్ళు దూర్చి కూర్చోబెట్టే గుడ్డ ఉయ్యాల. ఆ దేశం వాళ్ళు పంపిన లాగు దళసరి టార్పాలిన్ గుడ్డది, పైన ఇనుప కడ్డీ. దానికే దగ్గర దగ్గర అరకేజీ బరువుండేది. అందుకని ముందు ఖాళీ లాగు తగిలించి, కాటా వెనకున్న మర తిప్పి, ముల్లుని సున్నా దగ్గరికి తేవాలి. ఆ తరవాతే పిల్లాడిని ఎక్కించాలి. మర తిప్పడం నా పని. టీచరమ్మ నాకు వీపు పెట్టి బల్ల దగ్గర కూర్చుని పుస్తకం తెరిచేది.

"సున్నా వచ్చిందా, పిన్నీ?"

"వచ్చిందమ్మా."

అప్పుడు మొదటి పేరు పిలిచేది. నేను ముల్లు ఎక్కడుందో చదివి చెబితే ఆమె ఆ పిల్లాడి అట్ట మీద చుక్క పెట్టేది. అట్ట మీద మూడు రంగులు. చుక్క పచ్చ రంగులో పడితే బాగున్నట్టు, పసుపులో పడితే తక్కువున్నట్టు, ఎరుపులో పడితే ఆస్పత్రికి. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి ముల్లు చూసేది కాదు. నా మాటే ఆమెకి సున్నా.

పుచ్చుకునే వాళ్ళ చేతిలో ఏముంటుందో నేను మొదటిసారి చూసింది పిండి గొడవలో.

ఒక ఏడాది ఆ దేశం వాళ్ళు నూక మానేసి ఒక తియ్యటి పిండి పంపారు. నీళ్ళలో కలిపి పెట్టమన్నారు. పిల్లలు నోట్లో పెట్టుకుని ఉమ్మేశారు. నేను కొంచెం ఉప్పు వేసి చూశాను, బెల్లం వేసి చూశాను. లాభం లేదు. వైజాగు ఆఫీసు నుంచి ఒక ఆఫీసరుగారు జీపులో వచ్చి, "పైవాళ్ళు ఏది పంపితే అదే పెట్టాలి. వేరేది పెడితే కేంద్రం మూసేస్తారు," అన్నాడు.

తల్లుల్లో ఒకామె ఉండేది. కత్తి నోరు. చెరకు నరకడంలో ఎంత చురుకో మాటలో అంత చురుకు. చంటిదాన్ని చంకన పెట్టుకుని ముందుకొచ్చింది.

"మూసీండి బాబూ. కోటపాడు కాడ ఇంకో దేశమోళ్ళు సెంటరు ఎడతన్నారంట. ఆళ్ళు గుడ్డు కూడా ఎడతారంట. మా పిల్లగుంటల్ని ఎత్తుకుని అక్కడికి పోతాం. వచ్చే వారం ఆ దేశం నుంచి మీ దొరసాని వస్తాదంట కదా, ఆవిడికి గుంటల బదులు ఈ సంచులు సూపించీండి. బొమ్మ బాగుంటాది."

ఆఫీసరుగారి ముఖం మారిపోయింది. కోటపాడులో ఏ దేశం వాళ్ళూ సెంటరు పెట్టలేదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయనకి తెలియదు. మూడో రోజుకి కాగితం వచ్చింది. చోడి అంబలి, అంటే రాగి జావ, కాసి, అందులో వాళ్ళ పిండి ఒక చెంచా కలపవచ్చని. ఆ చెంచా ఎంతుండాలో ఎవరూ చెప్పలేదు. నేను చాలా చిన్న చెంచా వెతికి పట్టుకున్నాను.

ఆ తరవాత ఆఫీసరుగారు వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని ఒక గ్లాసు అంబలి తాగాడు. మంచి మనిషే. తాగుతూ అన్నాడు: "వాళ్ళు ఇస్తున్నారు, మేం పుచ్చుకుంటున్నాం అనుకుంటావు కదా. కాదమ్మా. వాళ్ళ దేశంలో జనానికి చూపించడానికి వాళ్ళకి మీ పిల్లలు కావాలి. మన దేశం వాళ్ళ పక్షాన ఉందని వాళ్ళకి పడని అవతలి పెద్ద దేశానికి చూపించడానికీ కావాలి. ఇవ్వడం మానేస్తే మన ఊళ్ళోంచి వాళ్ళ జెండా పోతుంది. అందుకని కొంచెం బెదిరిస్తే వింటారు. మరీ బెదిరిస్తే మాత్రం..." అని ఆగి, "ఇంకో గ్లాసు ఉందా?" అన్నాడు.

అంబలి పిల్లలకి పట్టింది. చోళ్ళు ముందురోజు నానబెట్టి, మొలక కట్టి, ఎండబెట్టి, దోరగా వేయించి తిరగట్లో విసిరేదాన్ని. రాత్రి పులియబెట్టి పొద్దున్న కాసేదాన్ని. చివర్లో ఒక చుక్క వాళ్ళ నూనె. ఏడాది తిరిగేసరికి అట్టల మీద చుక్కలు ఒక్కొక్కటే పసుపులోంచి పచ్చలోకి ఎక్కాయి. చుక్క రంగు మారిన రోజున టీచరమ్మ ఆ పిల్లాడిని ఎత్తుకుని గిరగిరా తిప్పేది. "పిన్నీ, ఈడు నీ పంట," అనేది.

అప్పుడే తెలిసింది. మా కేంద్రంలో పిల్లలందరూ పచ్చలోకి వచ్చేస్తే, ఇక్కడ అవసరం తీరినట్టేనని, కేంద్రాన్ని ఇంకో ఊరికి మారుస్తారని.

టీచరమ్మ ఎగిరి గంతేసింది. దేవరాపల్లి దాటాక కొండ కింద ఒక ఊరుంది, అక్కడ ఆమె మేనత్త ఉండేది. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె అక్కడికి వెళ్ళి వస్తుండేది. ఆ ఊరికి రోడ్డు లేదు. "పిన్నీ, అక్కడ మా అత్త పక్కింట్లో ఒక గుంట ఉంది. రెండేళ్ళు నిండేయి, నిలబడలేదు. చెయ్యి పట్టుకుంటే నా బొటనవేలంత ఉంది. ఆఫీసరుగారితో మాట్లాడేను. ఇక్కడ అందరూ పచ్చలోకి వస్తే కేంద్రం అక్కడికే ఇస్తామన్నారు. నువ్వూ నేనూ పోదాం. నువ్వు అంబలి కాస్తే ఆ గుంట ఆరు నెలల్లో నడుస్తాది."

నేను తలూపాను. మనసులో మాత్రం ఇంటాయన, ఇద్దరు పిల్లలు, కేంద్రం వెనక నేను వేసుకున్న ఆనపపాదు, అన్నీ కనిపించాయి.

తల్లులకి ఇంకో రకంగా కనిపించింది. కత్తినోరు ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి, "ఓలప్పా, మా గుంటలు ఒళ్ళు సెయ్యడం తప్పయిపోనాదేటి? సిక్కిపోతే ఎడతారు, బాగుంటే పీకేస్తారు. ఇదేం నాయం? రేపట్నుంచి పిల్లని ఎక్కడ ఒదిలి కొడవలి పట్టుకోమంటావు?" అంది. వాళ్ళు నడుం వంచి పని చేసుకోగలిగింది ఆ కేంద్రం ఉండబట్టే. ఆ మాట కూడా నిజమే.

ఆ వానాకాలంలో ఒక తూకం రోజున పొరపాటు జరిగింది. పొరపాటు అనే రాస్తున్నాను, ఎందుకంటే మొదటి రోజున అది పొరపాటే.

పొద్దున్నే టార్పాలిన్ లాగు తగిలించి సున్నా తెచ్చాను. టీచరమ్మ అడిగింది, వచ్చిందమ్మా అన్నాను. మొదట ఎక్కించిన పిల్లే లాగు పాడుచేసింది. దాన్ని ఉతికి ఆరేశాను. ముసురు, ఎప్పటికి ఆరుతుందో తెలియదు. బయట తల్లులు పొలానికి ఆలస్యమవుతోందని గోల. నా దగ్గర ఇంకో లాగు ఉంది. నా పాత ఆకుపచ్చ నేత చీర చిరిగిపోతే, దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఇనుప కడ్డీ లేకుండా గుడ్డ పట్టీలతో అప్పటికే ఒకటి కుట్టి ఉంచాను. మెత్తగా ఉంటుంది, పిల్లలు ఏడవరని. దాన్ని తగిలించి గబగబా అందరినీ తూచేశాను. మర తిప్పడం మరిచిపోయాను.

టీచరమ్మ సాయంత్రం అట్టలు చూసుకుని, "ఏటి పిన్నీ, అందరూ ఒకేసారి తగ్గేరు?" అంది.

"వానలకి దగ్గులు కదమ్మా," అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

ఆమె వెళ్ళాక టార్పాలిన్ లాగు ఆరిందని చూసుకుని, కొక్కేనికి తగిలించాను. ముల్లు సరిగ్గా సున్నా మీద నిలబడింది. దాన్ని తీసి చీర లాగు తగిలించాను. ముల్లు సున్నా దాకా రాలేదు, వెనకే ఆగిపోయింది. అప్పుడు అర్థమైంది. లాగు తేలిక, అందుకని ఆ తేడా అంతా ప్రతి పిల్లాడి బరువులోంచీ పోయింది. పిల్లలు తగ్గలేదు. నా చీర తగ్గించింది.

మర్నాడు చెప్పేద్దామనుకున్నాను. పొద్దున్నే ఆఫీసరుగారు వచ్చాడు. అట్టలు చూసి, "అయితే ఈ ఏడాది ఇక్కడే ఉంచాలి," అన్నాడు. బయట తల్లులు విన్నారు. కత్తినోరు ఆమె తన చంటిదాన్ని ఎగరేసి పట్టుకుంది. టీచరమ్మ తలవంచుకుని అట్టలు సర్దుకుంది. నేను చెప్పలేదు.

తరవాతి నెలా, ఆ తరవాతి నెలా చీర లాగే తగిలించాను. నేనేమీ చేయలేదు. మర ముట్టుకోలేదు, అంతే. ఒక్క మాట మాత్రం అన్నాను.

"సున్నా వచ్చిందా, పిన్నీ?"

"వచ్చిందమ్మా."

ఒకసారి ఆమె ఒక పిల్లాడిని చంకన ఎత్తుకుని, "ఎత్తుకుంటే బరువున్నాడు, కాటా మీద లేడు. ఎక్కడికి పోతంది పిన్నీ ఈ బరువు?" అంది. నేను చోళ్ళు చెరుగుతూ ఉండిపోయాను. ఆ ఆదివారం కొండ కింది ఊరికి వెళ్ళి వచ్చి, ఆ గుంట ఇంకా నిలబడలేదని చెప్పింది. అప్పుడూ చెరుగుతూనే ఉన్నాను.

నాలుగో నెల తూకానికి ఆ దేశపు దొరసానే వచ్చింది. పొడుగాటి మనిషి, నెరిసిన జుట్టు, చెప్పులు గుమ్మం బయటే విడిచింది. తల్లులు పిల్లలకి తలలు దువ్వి, బొట్లు పెట్టి తెచ్చారు. ఆవిడ నేల మీద కూర్చుని అంబలి తాగింది. తరవాత కాటా దగ్గరికి వచ్చి ఏదో అంది.

"పిల్లల్ని ఎక్కించే ముందు ఖాళీ లాగు తగిలించి చూపించమంటున్నారు," అన్నాడు ఆఫీసరుగారు.

టార్పాలిన్ లాగు గోడకి మేకున వేలాడుతోంది. చీర లాగు నా చేతిలో ఉంది. అది తగిలించాను. అందరూ చూస్తుండగా ముల్లు సున్నాకి వెనక ఆగిపోయింది.

టీచరమ్మ మొదటిసారి బల్ల దగ్గర నుంచి లేచి వచ్చి ముల్లు చూసింది. దొరసాని ముల్లుని చూసింది, గోడ మీది పాత లాగుని చూసింది, నన్ను చూసింది. పిల్లల్ని తూచడం ఆవిడకి కొత్త కాదు. కాటా వెనక మర ఎక్కడుంటుందో ఆవిడ చేతికి తెలుసు. చెయ్యి చాపితే అందుతుంది. చాపలేదు. నా చీర లాగు అంచు పట్టుకుని, కుట్టు మీద వేలితో రాసి, ఆఫీసరుగారితో ఏదో అంది. తరవాత ఒక పిల్లని తనే ఎత్తి అందులో కూర్చోబెట్టింది. ముల్లు ఎక్కడ ఆగితే అదే రాసుకుంది. రెండో పిల్లాడినీ అలాగే. అందరినీ అలాగే.

కత్తినోరు ఆమె నా చెవిలో, "దొరసానికి కళ్ళు ఆనవేటప్పా?" అంది.

"ఆనేయి. ఆనబట్టే రాసుకుంది," అన్నాను.

జీపు దగ్గర ఆఫీసరుగారిని అడిగాను, ఆవిడ ఏమన్నదని. ఆయన అటూ ఇటూ చూసి, "కుట్టు బాగుందంది," అన్నాడు. గొంతు తగ్గించి, "ఈ ఏడాది వాళ్ళ పెద్దలు మన పెద్దలతో ఒప్పందం సంతకాలకి వస్తున్నారు. ఒక పూట మీ కేంద్రం చూస్తారు. ఇక్కడికైతే రోడ్డుంది. కొండ కిందికి వాళ్ళ కార్లు పోవు. ఇప్పుడు ఇది మూసేసి ఎక్కడికి తీసుకుపోతారు చెప్పు? ఆ పాత లాగు గోడ మీంచి తీసి దాచు," అన్నాడు.

నిజం చెబుతాను. జీపు మలుపు తిరిగేదాకా నాకు గర్వంగానే ఉంది. ఇంత పెద్ద దేశం నా చిరుగు చీర ముందు నోరు మూసుకుందని. మా మనవరాలి మొగుడు టీవీలో చూసి కోప్పడే ఆ చిన్న దేశపు పెద్దమనిషి ఏ ముఖం పెడతాడో, ఆవేళ నేనూ అదే ముఖం పెట్టి ఉంటాను.

లోపలికి వచ్చేసరికి టీచరమ్మ ఒంటరిగా కాటా దగ్గర ఉంది. టార్పాలిన్ లాగు తగిలించి, కత్తినోరు ఆమె కూతుర్ని అందులో కూర్చోబెట్టింది. ముల్లు చూసి, అట్ట మీద వేలు పెట్టింది.

"ఈ గుంట పచ్చలోకి ఎక్కీసింది పిన్నీ. ఎప్పుడో ఎక్కీసింది."

"మన పనులు పోతాయి కదమ్మా. ఈ తల్లులు..."

"నీ చేత్తో పెంచేవు," అంది. కోపం లేదు ఆ గొంతులో, అదే భరించలేకపోయాను. "నీ చేత్తో ఇంత మందిని పెంచి, పెంచలేదని నువ్వే సెప్పేవు." పిల్లని దించింది. ఇంకో మాట అడిగింది: "ఆదివారం ఆ గుంటకి ఏం సెప్పమంటావు?"

ఆమె ఆఫీసుకి ఉత్తరం రాసింది. నా పేరు రాయలేదు. కాటా తప్పు చూపిస్తోందని, పిల్లలందరూ బాగున్నారని, కేంద్రాన్ని కొండ కిందికి మార్చమని రాసింది. పదిహేను రోజులకి జవాబొచ్చింది. ఆమే చదివి వినిపించింది. ఇంత తిండి ఇస్తున్నా నాలుగు నెలలుగా పిల్లల బరువు తగ్గిందంటే టీచరు పనితనంలో లోపమని, అందుచేత ఆమెని ఆ పనిలోంచి తప్పిస్తున్నామని. నేను తగ్గించిన బరువు మొత్తం తీసుకెళ్ళి ఆమె నెత్తిన పెట్టారు.

"నేను పోయి సెప్పీస్తానమ్మా," అన్నాను.

"ఎవరికి? ఆళ్ళందరికీ తెలుసు కదా," అంది.

వెళ్ళే రోజున సంచీ భుజాన వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. సంచీలోంచి టార్పాలిన్ లాగు కనిపిస్తోంది. "ఇది ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు కదా, పట్టుకెళ్తన్నాను. కొండ కిందే ఉంటాను. మా అత్త సావిడి ఇస్తానంది. జీతం ఉండదు, జెండా ఉండదు. కుండ ఉంది. వస్తావా పిన్నీ?"

నేను అంబలి కుండ తోముతున్నాను. తోమిన కుండనే మళ్ళీ తోముతున్నాను. "ఇంట్లో ఆయన్ని అడగాలి," అన్నాను, తలెత్తకుండా. తరవాత గుమ్మంలో వెలుతురు పెరిగింది. అలా తెలిసింది నాకు, వెళ్ళిపోయిందని.

ఆయన్ని నేను అడగనే లేదు.

ఆ దేశపు పెద్దలు వచ్చారు, ఫొటోలు తీసుకున్నారు. నా ఫొటో కూడా ఎక్కడో అచ్చయిందన్నారు. కేంద్రం ఇంకో మూడేళ్ళు నడిచింది. మా పిల్లలు ఎప్పుడు చూసినా పసుపులోనే ఉన్నారు, ఒళ్ళు మాత్రం నిగనిగలాడుతూ. కొత్త టీచరు సున్నా సంగతి అడిగేది కాదు. తరవాత పైన ఎక్కడో ఆ దేశానికీ మనకీ ఏదో మాట పట్టింపు వచ్చిందట. ఒక పొద్దున్న సంచులు రాలేదు. మా పిల్లల బరువుతో దానికి ఏ సంబంధమూ లేదు. మేం పట్టుకున్నామనుకున్న పగ్గం నిజంగా ఎవరి చేతిలోనిదో ఆ రోజున తెలిసింది.

చెరకు తోటల్లోంచి నడిచి రోడ్డెక్కి, దేవరాపల్లి దాకా బస్సులోనూ, అక్కడినుంచి కాలినడకనా ఆ కొండ కింది ఊరికి నేను వెళ్ళింది అప్పుడు. కొంగున రెండు మానికల చోళ్ళు మూట కట్టుకుని. ఆలస్యంగా వెళ్ళాను. ఆమె ఏడాది కిందటే ఇంకా లోపలి ఊళ్ళకి వెళ్ళిపోయిందట. ఎక్కడికో సరిగ్గా తెలియదన్నారు. మేనత్త పోయింది. సావిడిలో పదిమంది పిల్లలు కూర్చుని ఏదో తాగుతున్నారు. వాసన గుమ్మం దగ్గరే తెలిసింది.

"ఎలగ కాస్తావమ్మా?" అని వండే ఆవిడని అడిగాను.

"ముందురోజు నానబెట్టి, మొలక కట్టి, దోరగా ఏపాల. రాత్రి పులవాల. ఆఖర్న ఒక్క సుక్క నూనె," అంది. "మా టీచరమ్మ నేర్పింది. మా పిన్ని ఇలగే కాసీదని సెప్పీది."

నేను ఎవరినో చెప్పలేదు. ఆ గుంట ఏదని అడిగాను. చూపించింది. నడుస్తోంది. పరిగెడుతోంది కూడా. వయసుకి తగ్గ ఎత్తు మాత్రం లేదు. కాళ్ళు సన్నంగా, కాస్త వంకరగా ఉన్నాయి. దగ్గరికి పిలిచి ఎత్తుకున్నాను. నా చేతులకి కాటా అక్కర్లేదు. ఆ నాలుగు నెలలూ, ఆ పైన ఆమె ఒక్కతీ ఖాళీ చేతులతో నెట్టుకొచ్చిన రోజులూ, ఎంత తగ్గాలో అంతా తగ్గి ఉంది.

ఇది చదివే ఆడపిల్లలకి నేను చెప్పగలిగింది ఒక్కటే. పుచ్చుకునేవాడి చేతిలో బలం లేదని ఎవరైనా అంటే నమ్మకండి, ఉంటుంది. పిండి గొడవలో ఆ బలంతోనే మా పిల్లలకి అంబలి దొరికింది. కానీ ఆ బలమంతా మన లోటులోనే ఉంటే, ఆ లోటు తీరడం మనకే ఇష్టం లేకుండా పోతుంది. దేశాలకైనా అంతేనేమో. శత్రువు ఉన్నంతకాలం తుపాకులు వస్తాయంటే శత్రువు పోవాలని ఎవడు కోరుకుంటాడు? పెద్దవాళ్ళూ చిన్నవాళ్ళూ ఒకరినొకరు పట్టుకుని బాగానే ఉంటారు. రోడ్డు లేని ఊరే ఎదురుచూస్తుంది.

పోయిన నెలలో మా మునిమనవరాలిని తూయించడానికి అంగన్‌వాడీకి నేనే ఎత్తుకెళ్ళాను. ఇప్పుడు దూలాలూ కొక్కేలూ లేవు. నేల మీద పెట్టే పలకలాంటి మిషను, దాని మీద ఎర్రటి అంకెలు. అక్కడి వర్కరు పిల్ల చకచకా పని చేసుకుంటోంది.

"ముందు ఖాళీగా సూపించు," అన్నాను.

"ఇది కరెంటు మిషను మామ్మా, దానికదే సున్నా అయిపోద్ది."

"అయినా సూపించు."

ఆ పిల్ల మూలిగి, మిషను ఆపి మళ్ళీ వేసింది. అంకెలు గిరగిరా తిరిగి సున్నా దగ్గర ఆగాయి. నేను వంగి, కళ్ళద్దాలు సర్దుకుని, బాగా చూశాను. చూసి, వెనక్కి తిరిగాను. నా వెనక బల్ల లేదు, బల్ల దగ్గర వీపు పెట్టి కూర్చున్న మనిషీ లేదు. గోడ ఉంది.

"వచ్చిందమ్మా," అన్నాను.

"ఎవరితో మామ్మా?" అంది ఆ పిల్ల.

మునిమనవరాలిని మిషను మీద కూర్చోబెట్టాను.